పాత మిషన్ చర్చికి సిమెంటు పూత, పైన స్లాబు: కమిటీ తీర్మానం అయిపోయింది, ఆపొచ్చా?

దేవరకొండ_రోడ్డు
నల్లగొండ–దేవరకొండ దారిలో ఒక ఊరి చర్చి. రాతి గోడలు, మందం రెండడుగులు. లోపల కొలత 60 అడుగుల పొడుగు, 24 అడుగుల వెడల్పు. పైన బెంగుళూరు పెంకులు, కింద టేకు దూలాలు. బయట గోడకు ఆనించి రెండు దిక్కులా రాతి దిమ్మెలు, దిక్కుకు ఐదు.

పదేళ్ల కింద బయట మొత్తం సిమెంటు పూత కొట్టించిన్రు. గప్పటిసంది లోపల నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పూత ఉబ్బుతది, తెల్లగ ఉప్పు పొడి రాలుతది. ఇప్పుడు కమిటీ తీర్మానం ఏందంటే: లోపల కూడా సిమెంటు పూత, నేల మీద టైల్స్, పెంకులు పీకి స్లాబు, దిమ్మెలు కొట్టేసి బండ్లు పెట్టుకునే జాగా. క్రిస్మస్ లోపల అయిపోవాలంట.

ఇంకోటి. స్థలం కాగితంల ఉర్దూ అంకెల్లో 1320 అని ఉన్నది. 1902 అని కొందరు, కాదని కొందరు. తెలిసినోళ్లు చెప్పాలె.

మూసీ_ఒడ్డు
ఒక్క తీర్మానంల నాలుగు తప్పులు. కమిటీ కష్టపడ్డది.

సున్నంబట్టి
ముందు ఉప్పు సంగతి. ఆ గోడ కట్టింది సున్నంతో, మధ్యలో బహుశా మట్టితో. పునాది కింది చెమ్మ ఎప్పుడూ కొంత పైకి పాకుతూనే ఉంటుంది. సున్నపు పూత దాన్ని బయటికి వదిలేస్తుంది, ఎండకు ఆరిపోతుంది. బయట సిమెంటు వేశాక ఆ దారి మూసుకుపోయింది. చెమ్మకు మిగిలింది లోపలి వైపే. నీళ్లు ఆవిరైన చోట ఉప్పు మిగులుతుంది, గట్టిపడేటప్పుడు పూతను తోసేస్తుంది. ఇప్పుడు లోపల కూడా సిమెంటు వేస్తే చెమ్మ ఆగదు, ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగులది ఐదారు అడుగులవుతుంది. దూలాల కొసలు గోడలో ఉన్న ఎత్తు దాకా పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

టైల్స్ మాట కూడా అంతే. కింద షాబాద్ బండలు ఉన్నాయా? వాటి సందుల్లోంచి నేల చెమ్మ ఆరుతూ ఉంటుంది. పైన నున్నటి టైల్స్ అతికిస్తే నేల కింది చెమ్మంతా పక్కకు జరిగి గోడల్లోకే వస్తుంది.

గద్వాల_కోట
అందరూ సిమెంటును తిట్టుడే. మా దిక్కు చర్చికి సిమెంటు పూత కొట్టి ఇరవై ఏండ్లయింది, ఏం కాలే.

సున్నంబట్టి
@గద్వాల_కోట ఆ గోడ ఇటుకా రాయా? సున్నమా సిమెంటా? చర్చి ఎత్తు మీద ఉందా పల్లంలోనా? రాతి దిన్నె మీద కట్టి, చుట్టూ నీళ్లు నిలవకుండా ఉంటే సిమెంటు పూత కూడా చాలా ఏళ్లు నిలబడుతుంది. పూత బాగున్నంత మాత్రాన లోపల గోడ బాగుందని కాదు. ఒకచోట అరచేతి మేర తీసి చూడండి, వెనక మట్టి తడిగా పిండిపిండిగా ఉంటే సంగతి తెలిసిపోతుంది.

పాతకాగితాలు
1320 గురించి. నిజాం రాజ్యంలో భూమి కాగితాలు ఫసలీ లెక్కలో నడిచాయి. ఫసలీ అంటే శిస్తు వసూలుకు వాడిన పంట సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1320 ఫసలీ అంటే 1910–11. 1902 అంటున్నవాళ్లు దాన్ని హిజ్రీ అనుకుంటున్నారు, హిజ్రీ 1320 మాత్రమే 1902–03 అవుతుంది. కాగితం రెవెన్యూదైతే ఫసలీయే అనుకోండి. అంకె పక్కన 'ఫ' అక్షరమో 'హిజ్రీ' గుర్తో ఉండొచ్చు, ఉర్దూ చదివేవాళ్లకు చూపించండి.

అది స్థలం తేదీ, కట్టడం తేదీ కాదు. స్థలం దొరికాక ముందు బంగళా, బడి లేచి, చర్చి చాలా ఏళ్లకు లేచిన చోట్లు ఉన్నాయి. పునాది రాయి ఉంటే సిమెంటు పూత కింద ఉండొచ్చు. తూర్పు మూల, ముఖద్వారం పక్కన చూడండి. రాలిన పెంకు ఒకటి తిప్పి చూడండి, వెనక కార్ఖానా ముద్ర ఉంటుంది. బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో, దాని తర్వాత వేరే కార్ఖానాలు చాలా వచ్చాయి. ముద్రను బట్టి కప్పు ఏ కాలానిదో అంచనా వేయొచ్చు. అయితే కప్పు మధ్యలో మార్చి ఉండొచ్చు, అందుకని అదొక్కటే రుజువు కాదు.

మూసీ_ఒడ్డు
వందేళ్ల పండుగ రెండుసార్లు చేసుకోండి. 1902కు ఒకటి, 1910కి ఒకటి. బిర్యానీ ఎవరు కాదంటరు.

తాండూరు_బండ
అసలు అడగాలనుకున్నది: మెదక్ చర్చి అంత గొప్పగా ఉంటే, నల్లగొండ పాలమూరుల మిషన్ చర్చిలు గోదాముల లెక్క ఎందుకున్నయి?

పాతకాగితాలు
@తాండూరు_బండ కట్టించినవాళ్లు వేరు, ఆరాధన పద్ధతి వేరు, డబ్బు వేరు.

మెదక్ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌ది. ఆ మిషన్ పాదిరి చార్లెస్ వాకర్ పోస్నెట్ పట్టుదల అది. ఇంగ్లండులోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ వాళ్లు నమూనా గీశారు. వెడల్పు 100 అడుగులు, పొడుగు 200, గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరికేలా నడిపిన కట్టడం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. రంగుటద్దాల కిటికీలు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఆ మూడూ ఒకేసారి పెట్టినవి కావు. 1927, 1947, 1958ల్లో ఒక్కొక్కటిగా వచ్చాయి. అంటే ప్రతిష్ఠ రోజున ఒక్క రంగుటద్దమూ లేదు.

దోర్నకల్‌ది మరో దారి. బిషప్ అజరయ్య ఊరి కళలోనే గుడి ఉండాలన్నాడు. గుమ్మటం, మినార్లు, మండపం లాంటి స్తంభాలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ.

నల్లగొండకు 1890లో వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యాలోని మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మనిషి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేశాడు. పాలమూరులో ముందు అమెరికన్ బాప్టిస్టులు, ఆ తర్వాత అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ దిక్కంతా వాళ్లదే. ఈ రెండు శాఖల్లోనూ బలిపీఠం ముఖ్యం కాదు, ప్రసంగం ముఖ్యం. సిలువ ఆకారం, గాయకుల వరుస, ఊరేగింపు దారి ఏవీ అక్కర్లేదు. అందరికీ మాట వినబడే పొడుగాటి హాలు చాలు. పైగా 1914 యుద్ధం, 1917 విప్లవంతో రష్యా నుంచి వచ్చే డబ్బు ఎండిపోయింది.

మూసీ_ఒడ్డు
చార్మినార్ కన్న ఎత్తు ఉండొద్దని నిజాం మెదక్ చర్చి గోపురం తగ్గించిండంట కదా?

పాతకాగితాలు
చెప్పుకునే మాట. ఆధారం చూపించినవాళ్లు నాకు కనబడలేదు.

పాలమూరు_మేస్త్రీ
గోదాము అనకుర్రి. ఆ గోడ పని చూడుర్రి. మూలల్ల రాళ్లు ఉలితో చెక్కి సూటిగ పెడ్తరు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్ల పొడుగు. నడిమిట్ల గండ్రాళ్లు. బయటి వరుస, లోపలి వరుస, రెండిట్ల నడుమ చిన్న రాళ్లు, సున్నం, మట్టి. రెండు వరుసలు విడిపోకుండ గోడ మందం మొత్తం దాటే పొడుగు రాయి ఒకటి పెట్టాలె, అర చదరపు మీటరుకు ఒకటన్నా ఉండాలె. అది తక్కువైన చోటనే గోడ కడుపు ఉబ్బినట్టు బయటికొస్తది. సిమెంటు పూత కింద గది కనబడది, గదే కష్టం.

దేవరకొండ_రోడ్డు
@పాలమూరు_మేస్త్రీ అన్నా, ఉత్తరం దిక్కు గోడ మధ్యల కొంచెం ఉబ్బినట్టే ఉన్నది. దారం పట్టి చూస్తే అంగుళంన్నర తేడా వచ్చింది. దిమ్మెల నడుమ భాగంలనే.

కొలతకర్ర
దిమ్మెలు ముట్టకండి. ముందు ఆ పని ఆపించండి, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

కమానులు, రాతి కప్పు ఉన్న పెద్ద చర్చిల్లో దిమ్మెల పని వేరు, కప్పు పక్కకు నెట్టే బలాన్ని అవి ఆపుతాయి. మీది పెంకుల కప్పు. దూలాల చట్రం అడ్డదూలంతో బిగించి ఉంటే గోడను పక్కకు నెట్టదు, కిందికే బరువు వేస్తుంది. అందుకే కొందరు ఇంజినీర్లు "ఇవి అలంకారం" అంటారు. కానీ 60 అడుగుల గోడకు మధ్యలో అడ్డగోడ ఒక్కటీ లేదు. గాలి తోపుకు, ఏటవాలు కావడానికి ఎదురు నిలిచేది ఆ దిమ్మెలే. ఉబ్బు కూడా వాటి మధ్యనే వచ్చిందంటున్నారు కదా, దిమ్మె ఉన్న చోట గోడ నిటారుగా ఉంది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి.

ఉబ్బు పెరుగుతోందా ఆగిందా తెలుసుకోవాలి. పగులు ఉంటే దాని మీద అడ్డంగా గాజు పట్టీ జిప్సంతో అతికించి, తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచేదాకా చూడండి. గాజు పగిలితే కదులుతోంది. పగులు లేని ఉబ్బుకు మటంగుండు వేలాడదీసి నెలనెలా అదే చోట కొలిచి పుస్తకంలో రాసుకోండి.

గద్వాల_కోట
సరే దిమ్మెలు ఉంచుదాం. పెంకులు మాత్రం ఎట్లుంచుతరు? కోతులు. వారంకు ఇరవై పెంకులు పగులగొడ్తయి. వాన కురిస్తే సంఘం నడుమ బకెట్లు. స్లాబు వేస్తే ఒక్కసారి పీడ పోతది.

కొలతకర్ర
లెక్క చూద్దాం. 60 × 24 లోపలి కొలత, గోడల మీద కూడా కలిపితే కప్పు సుమారు 1800 చదరపు అడుగులు, అంటే 165 చదరపు మీటర్ల దాకా. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైనే. మొత్తం 50 టన్నుల పైనే. 24 అడుగుల దూరానికి స్లాబు ఒక్కటే నిలవదు, కింద బీములు కావాలి, వాటి బరువు అదనం. ఇప్పుడున్న పెంకులు, కలప అంతా కలిపి 10–12 టన్నులు మించదు. పైగా బీము కొస గోడలో ఒకే చోట బరువు దించుతుంది. మధ్యలో మట్టి నింపిన గోడ మీద అది సరిగ్గా ఉబ్బు ఉన్న చోట పడితే?

స్లాబు తప్పదంటే గోడకు సంబంధం లేకుండా లోపల కొత్త స్తంభాలు, వాటికి కొత్త పునాదులు వేయాలి. అంటే పాత చర్చి లోపల కొత్త చర్చి కట్టినట్టే. ఆ డబ్బుతో పక్కన కమ్యూనిటీ హాలే కట్టుకోవచ్చు.

పెంకుటిల్లు
కోతుల సమస్య నిజం, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు. మూడు దారులు.

ఒకటి: పెంకుల మీద రెండంగుళాల ఎత్తులో గట్టి ఇనుప జాలీ, చట్రానికి బిగించి. కోతి బరువు జాలీ మీద పడుతుంది. ఆకులు పేరుకుపోతే ఏటా తీయాలి, లేకపోతే నీళ్లు వెనక్కి తంతాయి.

రెండు: పెంకుల కింద పట్టీల మీద పలుచటి ఇనుప రేకు పరిచి, దాని మీద మళ్లీ పట్టీలు కొట్టి, పెంకులు వేయడం. పెంకు పగిలినా నీళ్లు రేకు మీద జారి చూరు దాకా పోతాయి. పైకప్పు రూపం మారదు. నా ఓటు దీనికే.

మూడు: పెంకులు దించి దాచి, అదే దూలాల మీద రంగు రేకులు. రేకు చాలా తేలిక, గాలికి లేస్తుంది, కాబట్టి గోడకు బోల్టులతో కట్టాలి. వానలో ప్రసంగం వినబడదు.

లెక్క: చదరపు మీటరుకు 15 పెంకులు. మీ కప్పు వాలు 30 డిగ్రీలు అనుకుంటే 2700 నుంచి 2900 కావాలి. దించేటప్పుడు పదో వంతు పగులుతాయి. కొత్త పెంకులు తెచ్చేముందు పాత పెంకు ఒకటి పట్టుకుపోయి గాడి కలుస్తుందో లేదో చూసుకోండి. కార్ఖానాకు ఒక గాడి. కలవని పెంకులు ఒకే వాలులో కలిపి వేశారంటే కోతులు లేకున్నా కారుతుంది. పాతవన్నీ రోడ్డు దిక్కు వాలు మీద, కొత్తవి వెనక వాలు మీద వేస్తే సరి.

మూసీ_ఒడ్డు
కోతులు ముందు దిక్కే కూసుంటయి కదన్నా, ప్రసంగం వినడానికి.

పెంకుటిల్లు
ఇంకో ముఖ్యమైన సంగతి మరిచిపోకండి. దూలాల చట్రంలో కింద అడ్డంగా పోయే పొడుగు దూలం ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ కోసమో, ఫ్యాను కడ్డీ కోసమో, ఏసీ గొట్టం కోసమో దాన్ని కోసేస్తారు. అది లాగి పట్టుకుంటేనే రెండు వాలు దూలాలు విచ్చుకోకుండా ఉంటాయి. కోసిన రోజు ఏం కాదు, ఏళ్ల మీద గోడలు బయటికి వంగుతాయి. మీ ఉత్తర గోడ ఉబ్బుకు అది కూడా కారణం కావొచ్చు, ఎక్కి చూడండి. గోడలో దూరిన కొసలను మేకుతో పొడిచి చూడండి. మేకు మెత్తగా దిగితే చెదలో కుళ్లో ఉన్నట్టు. కొస చుట్టూ సిమెంటు కూరకూడదు, గాలి ఆడేలా వేలెడు సందు వదలాలి.

దేవరకొండ_రోడ్డు
ఎక్కించి చూపించిన. బలిపీఠం దిక్కు నుంచి రెండో చట్రంల అడ్డదూలం నడిమిట్ల కోసి ఉన్నది! పాత సీలింగ్ ఫ్యాను కోసం. రెండు ముక్కలను ఇనుప పట్టీతో కలిపిన్రు, బోల్టులు రెండే.

కొలతకర్ర
అదీ సంగతి. చట్రం కింద ముందు ఊతం పెట్టి ఆపైన పని. రెండు వైపులా దూలం లోతంత ఇనుప పలకలు, కోసిన చోటికి అటు ఇటు కనీసం రెండేసి అడుగులు, ఒక్కో పక్క నాలుగు బోల్టులకు తక్కువ కాకుండా. పలక కొలత, బోల్టు మందం మాత్రం అక్కడికొచ్చి చూసిన ఇంజినీరు లెక్క వేయాలి, ఇక్కడ రాసింది చూసి బిగించకండి. గోడను వెనక్కి లాగుదామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఉన్న చోట ఆపితే చాలు.

తాండూరు_బండ
బాప్టిస్టు చర్చి బలిపీఠం అన్నరేంది, ఇందాకనే లేదన్నరు కదా.

దేవరకొండ_రోడ్డు
ప్రసంగ వేదిక. అందరం గట్లనే అంటం.

పాతకాగితాలు
వేదిక కింద తొట్టి ఉందేమో చూడండి. ముంచి బాప్తిస్మం ఇచ్చే శాఖ కదా. చెరువులో, వాగులో ఇచ్చేవాళ్లే ఎక్కువ, కొన్ని చర్చిల్లో మాత్రం తర్వాత వేదిక ముందు తొట్టి కట్టి, పైన చెక్కలు పరిచారు. తొట్టి పగిలి నీళ్లు పునాదిలోకి పోతుంటే ఆ గోడ చెమ్మకు సున్నం, సిమెంటు రెండూ జవాబు కావు.

సున్నంబట్టి
మంచి మాట. చెమ్మ కారణాలు ముందు ఆపాలి, పూత చివర. వరుస ఇది.

బయట నేల చూడండి. సీసీ రోడ్డు వేసి వేసి బయటి నేల చర్చి లోపలి నేల కన్నా ఎత్తయిందా? నల్లగొండ జిల్లాలో చాలా పాత చర్చిలకు, మసీదులకు, గుళ్లకు ఇదే రోగం. గోడ చుట్టూ సిమెంటు చప్టా ఉంటే మూడడుగుల మేర కొట్టేసి, కంకర నింపి, బయటికి వాలు పెట్టండి. 40 అడుగులకు ఒక అడుగు వాలు చాలు. తవ్వేటప్పుడు పునాది అడుగు కన్నా లోతుకు పోవద్దు.

తర్వాత సిమెంటు పూత తీయడం. ముందు ఒక గజం చోట ఉలి, సుత్తితో తీసి చూడండి. మిషను పెట్టొద్దు, అదురుకు గోడ మధ్యలోని మట్టి జారుతుంది. ఉబ్బిన ఉత్తర గోడను ముట్టుకోకుండా దక్షిణం నుంచి మొదలుపెట్టండి. ఒకేసారి మొత్తం తీయకుండా పదేసి అడుగులు.

రాళ్ల సందుల్లో పాడైన సున్నం గీకాలి. సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం అంగుళం. గ్రైండరు వాడితే రాతి అంచులు పోతాయి. నీళ్లతో కడిగి, తడి ఉండగానే నింపాలి, ఒక్కసారికి అర అంగుళం మించకుండా.

పాలమూరు_మేస్త్రీ
సున్నం ఎక్కడ దొరుకుతది ఇప్పుడు? సంచుల్ల వచ్చేది గోడకు వెల్ల వేసేది, గదాంతోని కట్టుడు పని కాదు.

సున్నంబట్టి
@పాలమూరు_మేస్త్రీ బట్టీ నుంచి కాల్చిన రాయి సున్నం తెప్పించాలి. తొట్టిలో ముందు నీళ్లు పోసి, రాయి అందులో వేయాలి. రాయి మీద నీళ్లు పోస్తే ఎగిరి కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. ఉడికి చల్లారాక జల్లెడ పట్టి, నీళ్ల కింద కనీసం రెండు వారాలు, వీలైతే రెండు మూడు నెలలు. సరిగ్గా విరగని పలుకులు మిగిలితే పూత వేశాక లోపల విరిగి, చిన్న చిన్న గుంటలుగా పేలతాయి.

కలపడం: సందులకు 1 పాలు సున్నం ముద్ద, 3 పాళ్లు ఇసుక. చెమ్మ ఉన్న కింది మూడడుగులకు 1 సున్నం, 1 ఇటుక పొడి, 2 ఇసుక. ఇటుక పొడి తక్కువ కాలిన ఇటుకది కావాలి, నల్లగా కాలింది పనికిరాదు. సున్నం రుబ్బే గానుగ లేకపోతే పాన్ మిక్సర్‌లో రుబ్బండి, కాంక్రీటు మిక్సర్ సున్నాన్ని ముద్దలు ముద్దలుగా వదిలేస్తుంది.

కరక్కాయ, బెల్లం నీళ్లు వాడతామంటే మితంగా. బెల్లం ఎక్కువైతే గట్టిపడడం ఆలస్యం, చీమలు అదనం.

పాత సున్నం దేనితో కలిపారో చూడాలంటే గోలీ అంత ముక్క గాజు గ్లాసులో పలుచటి యాసిడ్‌లో వేయండి. సున్నం పొంగి కరిగిపోతుంది. అడుగున మిగిలిందే ఇసుక. ఎర్ర పొడి ఉంటే ఇటుక పొడి కలిపినట్టు.

మూసీ_ఒడ్డు
సున్నం, పటిక కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికే మా జిల్లా పేరు. సున్నం మాకు నేర్పుతున్నరా.

సున్నంబట్టి
@మూసీ_ఒడ్డు నవ్వులాటే అయినా నీళ్ల మాట నిజమే. ఉప్పు బోరు నీళ్లతో సున్నం కలిపితే ఆ ఉప్పే మళ్లీ గోడ మీద తేలుతుంది. మంచినీళ్లే వాడండి, ఇసుక కూడా కడిగింది కావాలి.

నింపాక వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు, ఎండకు మీద మాత్రం ఆరి లోపల పిండిగానే ఉంటుంది. సున్నం గాలి పీల్చుకుని నెలల మీద గట్టిపడుతుంది. అందుకే క్రిస్మస్ గడువు దీనికి కుదరదు.

గద్వాల_కోట
మరి పండుగకు రంగు? సంఘం ఊకుంటదా?

సున్నంబట్టి
వెల్ల వేయండి. పాల కన్నా పలుచగా, నాలుగైదు చేతులు, ఒక్కో చేతికి మధ్య రోజు తేడా. కావాలంటే కొంచెం నీలిమందు. బంక కలపొద్దు, ప్లాస్టిక్ పెయింటు అసలే వద్దు. ఉప్పు తేలుతున్న కింది భాగంలో పాత పూత తీసేసి, ఈ ఏడాదికి రాయి కనబడేలా వదిలేయండి. మధ్యమధ్య పొడి బ్రష్షుతో ఉప్పు దులిపి ఎత్తేయండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది.

దేవరకొండ_రోడ్డు
ఆదివారం మీటింగుల చెప్పిన. దిమ్మెలు, స్లాబు ఆపిన్రు. టైల్స్ మీద మాత్రం పట్టు వదులుతలేరు, డబ్బు ఇచ్చిన దాత పేరు బండ మీద రాయాలంట. తొట్టి వెతికితే వేదిక కింద నిజంగనే ఉన్నది, ఇటుకలతో పూడ్చి ఉన్నది. అందులకు వాన గొట్టం ఒకటి దిగుతున్నది!

పెంకుటిల్లు
ఆ గొట్టం రేపే మళ్లించండి. దాత పేరు చూరు నీటి కాలువ మీద రాయించండి, ఆ పనికీ డబ్బు కావాలి.

తాండూరు_బండ
లేచిన షాబాద్ బండలు తిరగేసి వేయొచ్చు, కింది ముఖం కొత్తగా ఉంటది. సందులు సున్నం, ఇసుకతో నింపాలె. టైల్స్ ఖర్చుల సగం కూడా కాదు. దాత పేరు అండ్లనే చెక్కొచ్చు, గడప బండ మీద.

దేవరకొండ_రోడ్డు
గడప బండ మాట నడుస్తది అనిపిస్తున్నది. పెంకు తిప్పి చూసిన, ముద్ర సగం అరిగింది, ఫొటో సాయంత్రం పెడ్త.